దిగని నీళ్ళు

మధ్యాహ్నం మూడు దాటింది. హాల్లో చివరి ఇద్దరూ బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయారు. మళ్ళీ ఐదింటికి తలుపు తీసేదాకా ఎముకల పులుసు హోటల్లో అందరికీ కాస్త ఊపిరాడే వేళ అది. బున్‌యే గిన్నెలు కడిగే మెషీన్ మూత పైకెత్తి, ఆవిరి మొహాన కొట్టకుండా ఒక అడుగు వెనక్కి వేసి, తొట్టి మధ్యలో నిలబెట్టి ఉండే స్టీలు గొట్టాన్ని పట్టుకుని పైకి లాగింది. అది లాగితే తొట్టిలో నీళ్ళన్నీ గుడగుడమంటూ అడుగు కన్నంలోంచి కాలువలోకి పోవాలి. పొద్దుటి నుంచి వాడిన మడ్డి నీళ్ళు పోతే, సాయంత్రానికి కొత్త నీళ్ళు పట్టాలి. రోజూ జరిగేదే.

ఒక్క బుడగ పైకొచ్చి పగిలింది. నీళ్ళు మాత్రం కదల్లేదు.

బున్‌యే గొట్టాన్ని మళ్ళీ కన్నంలో దింపి మళ్ళీ లాగింది. పని జరగనప్పుడు చేసిన పనే మళ్ళీ చేసి చూడటం అందరికీ ఉన్న అలవాటే, అరవై ఒక్క ఏళ్ళు వచ్చినా పోయేది కాదు. మోచేతి దాకా రబ్బరు తొడుగు లాక్కుని, నీళ్ళలో చెయ్యి పెట్టి అడుగున ఉండే జల్లెడ తీసింది. నాలుగు మెతుకులు, ఒక ఉల్లికాడ ముక్క. అంతే. జల్లెడ శుభ్రంగా ఉంది. పొద్దున తనే బ్రష్షు పెట్టి తోమింది, ఎందుకు ఉండదు!

"మళ్ళీనా పిన్నీ?"

యన్‌సుక్ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. హోటల్ ఆవిడదే. బున్‌యే కంటే ఆరేళ్ళు చిన్నది. అయినా గిన్నెలు కడిగే మనిషి ఆ వంటింట్లో అందరికీ పిన్నే, వయసుతో పనిలేదు.

"మళ్ళీనేనండి అమ్మగారూ."

"నెల రోజుల్లో ఇది మూడోసారి."

"జల్లెడ చూడండి, ఏమీ లేదు."

యన్‌సుక్ జల్లెడ చూడలేదు. గోడ మీద టేపుతో అంటించిన కాగితం వైపు చూసింది. కిందటిసారి మెకానిక్ రాసిచ్చిన కాగితం అది. దాని మీద కారణం అన్నచోట, "వాడే మనిషి అజాగ్రత్త. గిన్నెల్లో ఎంగిలి సరిగా దులపకపోవడం" అని ఉంది. యన్‌సుక్ దాన్ని అక్కడ అంటించింది బున్‌యేని అవమానించడానికని ఎవరూ అనలేరు, జ్ఞాపకం ఉంటుందని అంటించింది. కానీ రోజుకి పది గంటలు ఆ గోడ వైపు మొహం పెట్టి నిలబడేది బున్‌యే ఒక్కతే.

"నేను దులుపుతున్నానండి. ఒట్టు."

"నేను కాదన్నానా? ముందున్న జొంగ్‌రాన్ కూడా ఇలాగే ఒట్లు పెట్టింది. ఆవిడని పంపించి మీరొచ్చాక నాలుగు నెలలు ఈ మెషీన్ కిక్కురుమనలేదు. అప్పుడు మిమ్మల్ని నెత్తిన పెట్టుకున్నాను కదా పిన్నీ! ఇప్పుడు మీకూ కళ్ళు ఆనడం లేదేమో. వయసు, ఏం చేస్తాం?" యన్‌సుక్ గొంతు తగ్గించింది. "జెచన్ నుంచి మా చిన్నాన్న కూతురు పనికి వస్తానంటోంది. శనివారం వస్తుంది. ఈలోగా ఇది బాగుంటే సరే, దానికి వేరే ఏదైనా చూస్తాను. మళ్ళీ ఆగిందా, ఇక నన్ను అడక్కండి."

ఆవిడ వెళ్ళిపోయింది. బున్‌యే చెంబు తీసుకుని తొట్టిలో నీళ్ళు బకెట్లోకి తోడటం మొదలుపెట్టింది. ముప్పై చెంబుల దాకా లెక్క ఉంది, తర్వాత తప్పింది. నడుం లాగేస్తోంది గానీ మనసు లాగుతున్నది ఇంకో వైపు. జొంగ్‌రాన్ పేరు వింటే ఆమెకి ఇన్నాళ్ళూ లోలోపల చిన్న గర్వంగా ఉండేది. అంత దద్దమ్మ మనిషి తర్వాత తను వచ్చి మెషీన్‌ని దారిలో పెట్టిందని పక్క కొట్టు వాళ్ళకీ, ప్రార్థన మందిరంలో ఆడవాళ్ళకీ ఎన్నిసార్లు చెప్పుకుందో! ఇప్పుడు శనివారం తర్వాత జెచన్ పిల్ల తన గురించి చెప్పుకుంటుంది.

ఈ పని పోతే ఈ వయసులో ఇంకో వంటింట్లో ఎవరూ పెట్టుకోరు. అది ఒక భయం. అజాగ్రత్త అనే మాట వెనకాలే వస్తుంది, అది అంతకంటే పెద్ద భయం.

బుధవారం రెండున్నరకి మెకానిక్ గిల్‌సు వచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి, పొట్టిగా, ఎప్పుడూ ఏదో సణుగుతూ ఉంటాడు. ఆ సణుగుడు మనుషులతో కాదు, మెషీన్‌తో.

"ఏమే, మళ్ళీ మొండికేశావా? నీకంటే మా ఆవిడ నయం."

మెషీన్ కింది రేకు ఊడదీసి, వెల్లకిలా పడుకుని, టార్చి నోట్లో కరుచుకున్నాడు. కాలువలోకి పోయే గొట్టానికి బిగించిన పట్టీ వదులు చేసి, కింద బకెట్ పెట్టి, గొట్టం లాగాడు. జానెడు నీళ్ళు పడి ఆగిపోయాయి. పొడుగాటి ఇనప తీగకి కొస వంకర తిప్పి లోపలికి దూర్చి, తిప్పి తిప్పి లాగాడు. బెత్తెడు పొడుగున్న ముద్ద ఒకటి జారి బకెట్లో టప్పున పడింది. వెనకే నీళ్ళు గుడగుడమన్నాయి.

"అదిగో," అన్నాడు గిల్‌సు. "అన్నం."

బున్‌యే వంగి ముద్దని చేతిలోకి తీసుకుంది. తొడుగు తీసేసి ఉత్త చేత్తోనే తీసుకుంది. పైన తెల్లటి కొవ్వు పూత ఉంది. రోజంతా ఎముకలు కాగే చోట కొవ్వు ఉండటం వింతేమీ కాదు. కొవ్వుని వేలితో గీకితే లోపలిది బయటపడింది. కాస్త పారదర్శకంగా, వణుకుతూ, సంతలో అమ్మే పెసరపిండి జెల్లీలా ఉంది. వేళ్ళ మధ్య నలిపితే నలగలేదు, జారింది.

"ఇది అన్నం కాదు బాబూ."

"మరేంటి పిన్నీ, ముత్యమా?"

"అన్నం నానితే మెతుకు కనిపిస్తుంది. నలిపితే తెల్లగా పాలలా అవుతుంది. ఇది చూడు, ఇందులోంచి నా వేలు కనిపిస్తోంది."

"మెషీన్‌లో అరవై డిగ్రీల వేడి ఉంటుంది. అందులో అన్నం ఏమైనా అవుతుంది." గిల్‌సు చేతులు తుడుచుకుని జేబులోంచి కాగితాల కట్ట తీశాడు. మోకాలి మీద పెట్టి రాయబోతుంటే బున్‌యే వంగి చూసింది. కారణం అన్నచోట నాలుగు గళ్ళు ఉన్నాయి. మెషీన్ లోపం, బిగింపు లోపం, వాడే మనిషి అజాగ్రత్త, ఇతరం.

"ఆ ఇతరం అన్నదాంట్లో గీత పెట్టొచ్చు కదా?"

"పెట్టొచ్చు. పెడితే ఏమిటి ఆ ఇతరం అని మా ఆఫీసు వాళ్ళు పది వరసలు రాయమంటారు. నాకు తెలియంది పది వరసలు ఎలా రాయను?"

"తెలియనప్పుడు నా మీద మాత్రం ఎలా రాస్తున్నావు?"

గిల్‌సు కలం ఒక్క క్షణం ఆగింది. కోపం రాలేదతనికి, కోపం తెచ్చుకునే తీరిక లేదు. బయట బండి అడ్డంగా పెట్టి వచ్చాడు, ఇంకో మూడు చోట్లకి పోవాలి.

"పిన్నీ, ఇది మీ మీద రాసింది కాదు. మీ పేరు కూడా ఉండదు ఇందులో. ఊరికే ఒక మాట." మూడో గడిలో గీత పెట్టాడు. "శుక్రవారం వచ్చి ఈ వంపు దగ్గర కొత్త ముక్క వేస్తాను. అప్పటిదాకా గిన్నెలు బాగా దులపండి."

అతను వెళ్ళాక బున్‌యే ఆ ముద్దని ఒక గిన్నెలో పెట్టి, అలమర మీద దాచింది.

ఆమె పుట్టింది జంగ్‌సన్ కొండల్లో. అక్కడ వరి పండదు. చిన్నప్పుడు చెడిపోయిన బంగాళాదుంపల్ని కుండల్లో నానేసి, కంపు భరించలేక ముక్కు మూసుకుంటూ నీళ్ళు మార్చి మార్చి, చివరికి అడుగున పేరుకున్న తెల్లటి పిండి తీసేవాళ్ళు. ఆ పిండి మీద మరిగే నీళ్ళు పోస్తే ఇలాగే అవుతుంది. పాలలాంటిది ఉన్నట్టుండి అద్దంలా మారి గరిటెని పట్టుకుంటుంది. ఆమె చేతులకి ఆ జారుడు తెలుసు. కానీ ఈ హోటల్లో దుంపల పిండి ఎక్కడిది?

మూడింటికి అందరూ భోజనాలు చేస్తుంటే బున్‌యే తన పళ్ళెం పక్కన పెట్టి, తొట్టి గట్టు మీద గ్లాసులు వరసగా పేర్చింది. ఒకదాంట్లో అన్నం, ఒకదాంట్లో పులుసులో వేసే సన్న సేమ్యా, ఒకదాంట్లో ముల్లంగి కిమ్చీ పచ్చడి రసం, ఒకదాంట్లో మెషీన్‌లో పోసే సబ్బు. అన్నింట్లోనూ మెషీన్ కడుగునీళ్ళంత వేడి నీళ్ళు పోసింది.

హాల్లో వడ్డించే మియోక్ చేతిలో గిన్నెతో వచ్చి నిలబడింది. ముప్పై అయిదేళ్ళ మనిషి, నోటికి విశ్రాంతి ఉండదు.

"ఏంటి పిన్నీ, కొత్త మెనూనా? సబ్బు పులుసు ఎంతకిస్తున్నారు?"

"నీకు ఉచితం. తాగు."

"అమ్మగారు చూస్తే, పిన్నికి కళ్ళతో పాటు ఇంకోటీ పోయిందంటారు."

"పోనీలే. శనివారం ఎలాగూ నేనే పోతాను కదా."

మియోక్ నవ్వు ఆగిపోయింది. వంగి గ్లాసులు చూసింది. అన్నం నీళ్ళు తెల్లబడ్డాయి. సేమ్యా ఉబ్బి మెత్తబడి గోధుమ జిగురు కక్కింది, అదీ తెలుపే. కిమ్చీ రసం కిమ్చీ రసంలాగే ఉంది. సబ్బు గ్లాసు మాత్రం అన్నింటికంటే శుభ్రంగా మెరిసింది. బున్‌యే అరగంట చూసి, అన్నీ పారబోసి, గ్లాసులు కడుక్కుంది. సేమ్యాదేమో అనుకుంది, అదీ కాదని తేలాక ఆమెకి తన మీద తనకే అనుమానం వేసింది. నిజంగా కళ్ళు ఆనడం లేదేమో! ఆ సాయంత్రం ప్రతి మట్టి గిన్నెనీ రెండుసార్లు దులిపి, మూడోసారి వేలు పెట్టి తడిమి, అప్పుడు బుట్టలో పెట్టింది. పని ఆలస్యమై హాలు వైపు కిటికీ దగ్గర గిన్నెలు కొండలా పేరుకుంటే వంటమనిషి కసురుకున్నాడు.

గురువారం మధ్యాహ్నం ఊళ్ళో ఏదో మీటింగు ఉందని బస్సు నిండా జనం ఒకేసారి వచ్చి పడ్డారు. మియోక్‌కి తోడుగా వడ్డించే అమ్మాయి జ్వరమని రాలేదు. పన్నెండున్నరకి మియోక్ కిటికీలోంచి తల దూర్చింది.

"పిన్నీ, చచ్చిపోతున్నాను! ఒక్క పావుగంట వచ్చి బల్లలు తీయండి!"

అయిదు నెలల్లో బున్‌యే ఆ హాల్లోకి జనం ఉన్న వేళ అడుగు పెట్టడం అదే మొదలు. ఆమె లోకం గోడకి ఇవతల. అటు నుంచి కిటికీలో గిన్నెలు వస్తాయి, ఇటు నుంచి కడిగినవి వెళ్తాయి. ఎవరు తిన్నారో, ఎలా తిన్నారో ఆమెకి తెలియదు, మిగిల్చింది మాత్రమే తెలుసు. ఇప్పుడు చక్రాల బండి తోసుకుంటూ బల్లల మధ్య నిలబడితే కొత్త ఊరికి వచ్చినట్టుంది.

మూల బల్ల దగ్గర నలుగురు మగవాళ్ళు పులుసు ముగించారు. ఒకాయన గిన్నె ఎత్తి అడుగుదాకా తాగి, తేన్చి, బల్ల చివర డబ్బాలోంచి పంటిపుల్ల తీసుకున్నాడు. ఆకుపచ్చ ఛాయలో గాజులా ఉండే పుల్ల. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పళ్ళు కుట్టుకున్నాడు. తర్వాత పుల్లని రెండుగా విరిచి, ఖాళీ నీళ్ళ గ్లాసులో పడేశాడు. పక్కాయనా అంతే. ఎదుటి ఇద్దరూ అంతే. ఎంగిలి పుల్ల బల్ల మీద పెట్టడం మర్యాద కాదు, కింద పడేయడం అంతకన్నా కాదు. స్టీలు గ్లాసు చేతికి అందేచోట ఉంటుంది.

బున్‌యే బండి పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

మియోక్ ఎక్కడి నుంచో వచ్చి, నాలుగు గ్లాసులూ చకచకా ఒకదాంట్లో ఒకటి గుచ్చేసి, అప్పటికే బండిలో ఉన్న దొంతి మీద పెట్టింది. పది గ్లాసులు ఒక దొంతి. ఆ దొంతులే కిటికీలోంచి వస్తాయి. బున్‌యే వాటిని ఒక్కొక్కటి లాగి, లోపలికి చూడకుండానే బుట్టలో బోర్లిస్తుంది. నీళ్ళు తాగిన గ్లాసులో దులపడానికి ఏముంటుంది? ఆమె నేర్చుకున్న పని అదే, ఆమెకి ముందు మనిషి చేసిన పనీ అదే.

ఆమె దొంతి పైనున్న గ్లాసు తీసి వెలుతురుకి పెట్టి చూసింది. అడుగున మిగిలిన కాసిని నీళ్ళకి పుల్లముక్కలు మెత్తబడి, గ్లాసుకి అంటుకుని ఉన్నాయి. బోర్లించి కుదిపింది. పడలేదు.

"పిన్నీ, ఏడో బల్ల!" అని అరిచింది మియోక్.

"వస్తున్నా," అంది గానీ బున్‌యే ఏడో బల్లకి వెళ్ళలేదు. డబ్బాలోంచి గుప్పెడు పుల్లలు తీసి జేబులో వేసుకుంది.

మూడింటికి మళ్ళీ గ్లాసు పెట్టి, ఈసారి ఒక్కటే గ్లాసు, పుల్లలు వేసి వేడి నీళ్ళు పోసింది. మొదట ఉబ్బాయి. తర్వాత అంచులు కరిగాయి. చెంచాతో తిప్పుతూ ఉంటే నీళ్ళు చిక్కబడి, చెంచా బరువెక్కింది. చల్లారాక అలమర మీద దాచిన ముద్ద తెచ్చి పక్కన పెట్టింది. రెండింటికీ ఒకే జారుడు. వెంటనే వెళ్ళి యన్‌సుక్‌కి చెప్పింది.

యన్‌సుక్ గల్లా పెట్టె దగ్గర కూర్చుని ఆపిల్ చెక్కు తీస్తోంది.

"పంటిపుల్లలా? పిన్నీ, అవి నేనే ఏరి కోరి కొన్నాను. పిండితో చేసినవి. పాకెట్ మీదే రాసి ఉంటుంది, నీళ్ళలో కరిగిపోతాయని."

"కరుగుతాయండి. కరిగి..."

"కరిగిపోయేది అడ్డం ఎలా పడుతుంది చెప్పండి? కొయ్యపుల్లలు ఎంగిలిలో కలిసి పందుల గొంతులో గుచ్చుకుంటున్నాయని, ఎంగిలి తొట్టి పట్టుకెళ్ళే ఆయన బతిమాలితే ఇవి తెచ్చాను. నోరులేని జీవాలకి మంచి జరుగుతుందని." ఆపిల్ ముక్క కత్తి కొసకి గుచ్చి ఇచ్చింది. "తినండి. చూడండి, మిమ్మల్ని పంపేయాలని నాకు సరదా కాదు. కానీ సాకులు చెప్తే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది."

బున్‌యే ఆపిల్ ముక్క తీసుకుంది. వద్దంటే పొగరు అంటారు.

శుక్రవారం పొద్దున మియోక్‌ని పిలిచి ఒక్క మాట చెప్పింది. "ఇవాళ గ్లాసులు గుచ్చకు. విడివిడిగా పంపు."

"చోటు పట్టదు పిన్నీ!"

"ఇవాళ ఒక్కరోజు. రేపు నీకు జెచన్ పిల్ల ఉంటుంది, దానికి నీ ఇష్టం వచ్చినట్టు పంపుకో."

మియోక్ విడివిడిగానే పంపింది. బున్‌యే ప్రతి గ్లాసూ చెంచా పెట్టి గీకి, పుల్లముక్కల్ని ఒక మట్టి గిన్నెలోకి చేర్చింది. ఖాళీ అయిన బల్లలు పెరుగుతున్న కొద్దీ గిన్నె నిండింది. రెండున్నరకి చూస్తే సగం దాకా ఉన్నాయి, మెత్తగా, పచ్చగా, పులుసు వాసనతో.

మూడింటికి గిల్‌సు కొత్త వంపు ముక్క చంకలో పెట్టుకుని వచ్చాడు. వస్తూనే మెషీన్ తొట్టిలో గొట్టం లాగి చూశాడు. నీళ్ళు దిగుతున్నాయి, ఎప్పటి కంటే చురుగ్గా.

"చూశారా పిన్నీ, బాగా దులిపితే ఎలా ఉందో!" అన్నాడు.

"అమ్మగారిని పిలుస్తాను. ఇద్దరూ కలిసి చూడండి."

యన్‌సుక్ చేతులు తుడుచుకుంటూ వచ్చింది, విసుగు మొహంతో. బున్‌యే మట్టి గిన్నె బల్ల మీద పెట్టి, మెషీన్ గొట్టం నుంచే వేడి నీళ్ళు పట్టి, గిన్నెలో పోసింది. ఏమీ చెప్పలేదు. చెప్తే సాకు అంటారు. గరిటెతో తిప్పింది. గిల్‌సు మొదట గడియారం చూసుకున్నాడు, తర్వాత చూడటం మానేశాడు. గిన్నెని చన్నీళ్ళ తొట్టిలో దింపి చల్లార్చింది. చల్లారేదాకా ముగ్గురూ, వెనక మియోక్‌తో కలిపి నలుగురు, పొయ్యి మీద ఎముకలు కాగే చప్పుడు వింటూ నిలబడ్డారు.

అప్పుడు బున్‌యే గిన్నె ఎత్తి తలకిందులు చేసింది.

ఏమీ పడలేదు. గిన్నె వెనక ఒక్క దెబ్బ వేసేసరికి ముద్ద మొత్తం ఒక్కటిగా ఊడి పళ్ళెంలో పడి వణికింది. ఆకుపచ్చ ఛాయ, అందులోంచి పళ్ళెం మీది పువ్వు కనిపిస్తోంది.

"ఇది ఇవాళ మధ్యాహ్నం ఒక్క పూటది," అంది బున్‌యే. "గ్లాసుల అడుగు నుంచి."

గిల్‌సు వేలు పెట్టి నొక్కాడు. వేలికి తెలిసింది. మొన్న బకెట్లో పడినప్పుడు దాన్ని ముట్టుకోకుండానే పేరు పెట్టాడతను. మెడ వెనక గోక్కున్నాడు.

"ఈ ఊళ్ళోనే ఇంకో మూడు చోట్ల ఇలాంటి ముద్దలు లాగాను," అన్నాడు మెల్లగా. "మూడుచోట్లా అన్నమనే రాశాను."

"అంటే నేను కొన్న పుల్లలేనా..." యన్‌సుక్ మాట పూర్తి చేయలేదు. ఆవిడ చెడ్డ మనిషి కాదు, తప్పు కనిపిస్తే కళ్ళు మూసుకునే రకమూ కాదు. గోడ దగ్గరికి వెళ్ళి కాగితాన్ని టేపుతో సహా పీకేసింది. "పిన్నీ, మీరు ఉండండి. జెచన్‌కి ఇప్పుడే ఫోన్ చేస్తాను. క్షమించండి."

గెలిచాననే మాట బున్‌యే మనసులోకి వచ్చి కూర్చుంది. ఎంత హాయిగా ఉందంటే, కాళ్ళు తేలికయ్యాయి.

"పాత కాగితాలు కూడా ఇవ్వండమ్మా," అన్నాడు గిల్‌సు. "నేను రాసినవి నేనే కొట్టేస్తాను. పది వరసలు రాయాలంటే ఇప్పుడు రాయగలను."

యన్‌సుక్ అట్ట ఫైలు తెచ్చింది. గోడ మీంచి పీకిన దానితో కలిపి నాలుగు కాగితాలు అయ్యాయి. మూడు ఈ నెల రోజులవి. నాలుగోది అక్టోబరుది. దాని మీదా అదే గడిలో అదే గీత, కింద యన్‌సుక్ చేతిరాతతో, "జొంగ్‌రాన్‌కి రెండుసార్లు చెప్పాను, వినలేదు" అని ఉంది.

"ఈ పుల్లలు ఎప్పటి నుంచి కొంటున్నారు అమ్మగారూ?" బున్‌యే గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"చుసాక్ పండక్కి..." యన్‌సుక్ ఆగింది. చుసాక్ సెప్టెంబరులో వచ్చింది.

"మరి నేను వచ్చాక నాలుగు నెలలు బాగానే ఉంది కదా?" ఈ ప్రశ్న బున్‌యే గిల్‌సుని అడిగింది. జవాబు వద్దని మనసు చెబుతున్నా అడిగింది.

"అక్టోబరు చివర గొట్టం మొత్తం మార్చాను పిన్నీ. కొత్త గొట్టం. పేరుకోవడానికి టైము పడుతుంది."

పళ్ళెంలో ముద్ద మీద ఈగ వాలితే మియోక్ తోలింది. అప్పట్లో తను మందిరం మెట్ల మీద కూర్చుని, ముందున్న మనిషి సోమరితనం గురించి ఎంత ఉత్సాహంగా చెప్పిందో, అందరూ ఎలా నవ్వారో, ఆ నవ్వులో తనెంత వెచ్చగా కూర్చుందో అంతా గుర్తొచ్చి బున్‌యేకి ఒళ్ళంతా సిగ్గేసింది.

"అయిపోయిందిలే," అంది యన్‌సుక్ తొందరగా. "అది పాత సంగతి."

"ఆ కాగితం మీద కూడా రాయి బాబూ," అంది బున్‌యే.

"అది మూసేసిన ఫిర్యాదు పిన్నీ. ఆఫీసులో..."

"ఇందాక మూసేయనివి మాత్రమే కొట్టేస్తానన్నావా? మొన్న నా పేరు ఉండదన్నావు. దీని మీద ఒక పేరు ఉంది, చూడు."

గిల్‌సు యన్‌సుక్ వైపు చూశాడు. యన్‌సుక్ నేల వైపు చూస్తోంది. అతను కుర్చీ లాక్కుని కూర్చుని, పాత గీత కొట్టేసి, ఇతరం అన్న గడిలో గీత పెట్టి, పంటిపుల్లల సంగతంతా రాసి, కింద పెద్దక్షరాలతో "కడిగిన మనిషి తప్పు ఏమీ లేదు" అని రాసి సంతకం చేశాడు. వెళ్ళేముందు డబ్బాలోంచి నాలుగు పుల్లలు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఇంకో మూడు చోట్ల చూపించాలన్నాడు.

ఆదివారం హోటల్ సెలవు. శనివారం సాయంత్రమే యన్‌సుక్ రెండు డబ్బాల పులుసు గుడ్డలో మూటకట్టి బున్‌యే చేతిలో పెట్టింది. "జొంగ్‌రాన్ దగ్గరికి నేను రాలేను పిన్నీ. మొహం చెల్లదు," అంది. బున్‌యే కూడా రమ్మని బలవంతం చేయలేదు. రావాల్సిన మనిషే, కానీ బలవంతంగా వచ్చి ఏం లాభం?

జొంగ్‌రాన్ మార్కెట్‌లో పచ్చళ్ళ కొట్టు ముందు చిన్న పీట మీద కూర్చుని వెల్లుల్లి వొలుస్తోంది. అరవై అయిదేళ్ళు ఉంటాయి, పలచటి మనిషి. వేలి కొసలు వెల్లుల్లి ఘాటుకి ఎర్రబడి ఉన్నాయి. బున్‌యే తనెవరో చెప్పుకుంది. జొంగ్‌రాన్ కత్తి ఆపలేదు.

"తెలుసు. నా తర్వాత వచ్చినావిడ. మందిరంలో మీరు చెప్పేవన్నీ ఇక్కడిదాకా వచ్చాయి."

బున్‌యే పులుసు మూట కింద పెట్టి, తనూ కిందే కూర్చుని, గిల్‌సు దిద్దిన అక్టోబరు కాగితం ఇచ్చింది. జొంగ్‌రాన్ చేతులు లంగా అంచుకి తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని చదివింది. మొత్తం చదివి మళ్ళీ మొదటి నుంచి చదివింది. పెదవులు కదులుతున్నాయి.

"పంటిపుల్లలు," అంది చివరికి.

"గ్లాసుల అడుగున."

"గ్లాసులు నేనూ చూసేదాన్ని కాదు."

"నేనూ చూడలేదక్కా. మొన్నటిదాకా."

జొంగ్‌రాన్ కళ్ళజోడు తీసింది. "కోడలు నన్ను ఇంట్లో గిన్నెలు ముట్టుకోనివ్వదు. మీకు కనబడదు అత్తయ్యా, ఉండనివ్వండి అంటుంది. మొదట్లో నాకు కోపం వచ్చేది. తర్వాత నాకే అనుమానం వచ్చింది. నీళ్ళు తాగిన గ్లాసు కూడా కడిగి వెలుతురుకి ఎత్తి చూసుకుంటాను. మళ్ళీ కడుగుతాను. నలభై ఏళ్ళు ఈ పనే చేశాను, ఈ అయిదు నెలలుగా నా చేతుల్ని నేనే నమ్మలేదు."

"మళ్ళీ హోటల్‌కి వస్తారా? పొద్దున మీరు, సాయంత్రం నేను. అమ్మగారితో నేను మాట్లాడతాను."

"ఎందుకు? ఈ వెల్లుల్లికి నా మీద ఫిర్యాదేమీ లేదు." జొంగ్‌రాన్ కొంచెం నవ్వింది, ఆ నవ్వు నిలవలేదు. "మీరూ నన్ను అలాంటిదనే అనుకున్నారు కదూ?"

"అనుకున్నాను. ఎంతమందికో చెప్పాను కూడా."

"అయితే అందరికీ ఇదీ చెప్పండి."

"చెప్తానక్కా. ఒక్కొక్కరికీ చెప్తాను."

జొంగ్‌రాన్ కాగితాన్ని మడత పెట్టబోయి, ఆగి, విప్పి, బున్‌యే చేతికే తిరిగి ఇచ్చింది. తల తిప్పి కొట్టు లోపలికి చూపించింది. అక్కడ డబ్బాల వెనక ఒక యువతి కిమ్చీ తూస్తోంది.

"మొదట మా కోడలికి చెప్పండి," అంది.

బున్‌యే మోకాలి మీద చెయ్యి ఆనించి లేచి, కాగితం పట్టుకుని లోపలికి వెళ్ళింది.